ట్యాగు పక్కన ఒక గుర్తు

తమ్ముడూ,

మీవాళ్ళంతా పాత పుస్తకాలు కలిసి చదువుతూ వ్యాఖ్యలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌కి విషయ గుర్తింపు (ఏ పేరు దేన్ని సూచిస్తుందో తేల్చడం) చేర్చే పని నీకు అప్పగించారని రాశావు. మొత్తం తిరగరాసేద్దామన్న ఉబలాటం ముందు అణుచుకో. చదివేవాళ్ళకి అలవాటైన పద్ధతిని కదిపితే మళ్ళీ రారు.

చిక్కంతా చదివేవాళ్ళు వ్యాఖ్యలకి పెట్టే ట్యాగుల్లో ఉంది. ఒకరు రాజమండ్రి అంటారు, ఒకరు రాజమహేంద్రవరం అంటారు. ఊరొకటే, యంత్రానికి రెండు. హైదరాబాద్ చివర కంటికి కనబడని జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే అక్షరం చేరినా అంతే, అచ్చం ఒకేలా కనిపిస్తూ రెండు ట్యాగులవుతాయి. (తెలుగు టైపు చేసేవాళ్ళ కర్మ ఇది!) ఇక గోదావరి అంటే నదో, ఎక్స్‌ప్రెస్ రైలో ట్యాగు చెప్పదు.

కాబట్టి ట్యాగును అలాగే ఉంచి, పక్కన అదేమిటో తేల్చే గుర్తు పెట్టించు. తెలంగాణ హైదరాబాద్‌కి వికీడేటా అనే ఉమ్మడి సమాచార భండారంలో క్యూ1361 అనే గుర్తు ఉంది; సింధ్‌లోని హైదరాబాద్ గుర్తు వేరు. దీనికి కొత్త ప్రమాణమేదీ కనిపెట్టక్కర్లేదు. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూత్రీసీ సంస్థ 2017 ఫిబ్రవరిలో ఆమోదించిన వెబ్ వ్యాఖ్యల నమూనాలో ఒకే వ్యాఖ్యకి ఎన్ని భాగాలైనా ఉండొచ్చు, ఏ భాగం ఎందుకోసమో కూడా చెప్పొచ్చు. ‘గుర్తించడం’ అనే ప్రయోజనం ఆ జాబితాలో ఉండనే ఉంది. మీ వ్యాఖ్యకి ఆ భాగం ఒకటి తగిలిస్తే చాలు.

పేరు కొడుతుండగానే నాలుగైదు సూచనలు కనిపించాలి, ప్రతిదాని పక్కనా ఒక ముక్క వివరణ ఉండాలి. వికీడేటాలో చాలావాటికి తెలుగు వివరణ లేదు, అప్పుడు కనీసం ‘నది’, ‘జిల్లా’, ‘రైలు’ అని రకమైనా చూపించు. ‘తెలియదు’ అని వదిలేసే వీలు తప్పకుండా ఇవ్వు. అది లేకపోతే జనం మొదటి సూచన నొక్కేసి పోతారు. తప్పు గుర్తు కన్నా ఖాళీయే నయం.

అన్నిటికన్నా ముఖ్యం, గుర్తు కూడా ఒకరి అభిప్రాయమే. పాత శాసనంలో వేంగి అని కనిపిస్తే ఒకరు రాజ్యమంటారు, మరొకరు నేటి పెదవేగి ఉన్న చోటి రాజధాని అంటారు. ఇద్దరి గుర్తులూ ఉంచు, ఎవరు ఎప్పుడు పెట్టారో రాసి ఉంచు. యంత్రం తనంతట తాను రెంటినీ కలిపేయకూడదు.

పాత ట్యాగులన్నీ ఒక్క రాత్రిలో మార్చేయమని మీవాళ్ళు తొందరపెడతారు, ఒప్పుకోకు. ఎక్కువగా వాడేవాటితో మొదలుపెట్టు. యంత్రం సూచించనీ, మనిషి ఖాయం చేయనీ. మొదటి వంద అయ్యాక ఎక్కడ తడబడ్డారో నాకు రాయి.

మీ అక్క