దేశమున కొక్క గడియారము

విశాఖపట్టణమునుండి కిరండూలునకు పోవు రైలుమార్గము తూర్పు కనుమలలోని సొరంగములను దాటుచు బొర్రా మీదుగా సాగును. అచ్చటి సున్నపురాతి గుహల లోపల పగలు, రాత్రి యను భేదము లేదు. పైకప్పునుండి జారిన నీటిబొట్లు వేలకొలది సంవత్సరములలో రాతిస్తంభములను నిర్మించినవి. గుహల వెలుపల, కొండవాలులను సాగుచేయు గిరిజనులు తరతరములుగా సూర్యుని చూచియే పొద్దు నెరిగిరి. రైలుబండికి మాత్రము నిమిషముల లెక్క కావలెను. ఆ నిమిషములను నిర్ణయించున దేది?

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషములు పట్టును. కావున తూర్పున నున్న ఊరికి మధ్యాహ్నము ముందుగాను, పడమట నున్న ఊరికి ఆలస్యముగాను వచ్చును. పూర్వము ప్రతి పట్టణమును తన మధ్యాహ్నమునే ప్రమాణముగా గైకొనెడిది. ఎద్దుబండి ప్రయాణమునకు దానివలన ఇబ్బంది లేకుండెను. పొగబండ్లు వచ్చిన పిమ్మట చిక్కు ఏర్పడెను. ఒకే పట్టాల జతపై రెండు బండ్లు ఎదురెదురుగా నడువవలసినప్పుడు, స్టేషన్ల గడియారములు వేర్వేరుగా నున్నచో ప్రాణాపాయమే గదా!

1792లో ఈస్టిండియా కంపెనీవారు మద్రాసున ఒక నక్షత్రశాలను నెలకొల్పిరి. అది నిర్ణయించిన మద్రాసు కాలమునే పిమ్మట మన రైళ్లు అనుసరించినవి. ఆ కాలమునకు కలకత్తా గడియారము సుమారు 32 నిమిషములు ముందుగను, బొంబాయి గడియారము సుమారు 30 నిమిషములు వెనుకగను నడచెడివి. 1884లో వాషింగ్టన్ నగరమున సమావేశమైన దేశముల ప్రతినిధులు గ్రీనిచ్ రేఖను లోకమునకు మూలరేఖగా అంగీకరించిరి. ఆ రేఖకు తూర్పున 82½ డిగ్రీల రేఖను ఆధారముగా గొని, గ్రీనిచ్ కంటె 5½ గంటలు ముందుండు భారత ప్రామాణిక కాలము 1906 జనవరి 1న అమలులోనికి వచ్చెను. అయినను కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ పాత కాలమును విడువలేదు.

ఆ రేఖ మన రాష్ట్రమున తుని సమీపముగా పోవును. బొర్రా దానికి సుమారు అర డిగ్రీ తూర్పున నున్నది. కావున ఇచ్చటి సగటు మధ్యాహ్నము గడియారమున 12 గంటలు కాకమునుపే, రెండు నిమిషములు ముందుగా వచ్చును. దేశపు తూర్పు కొననున్న అరుణాచల ప్రదేశమున కైతే ఆ తేడా గంటసేపు. అందుచేతనే అస్సాము తేయాకు తోటలలో గడియారమును ఒక గంట ముందుకు జరుపుకొను వాడుక ఏర్పడెను. దానిని ‘తోట కాలము’ అందురు.

కొన్ని దేశములలో వేసవి రాగానే గడియారములను గంట ముందుకు జరిపి, శీతకాలమున వెనుకకు త్రిప్పుదురు. లండనులో మిక్కిలి దీర్ఘమైన పగలు 16½ గంటలకు మించును. మిక్కిలి హ్రస్వమైనది 8 గంటలకు లోపు. వేసవిలో వేకువనే వచ్చు వెలుగు నిద్రలో వ్యర్థము గాక సాయంకాలమునకు మిగులవలెనని వారి ఉద్దేశము. బొర్రాలో ఆ రెండు పగళ్లకు భేదము రెండు గంటలే. కావున ఇచ్చట అట్టి మార్పువలన లాభము స్వల్పము. అయినను రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 సెప్టెంబరు 1 మొదలు 1945 అక్టోబరు 15 వరకు, మన గడియారములు ఒక గంట ముందుకు నడచినవి.

నేడు న్యూయార్కులోని తెలుగువారు హైదరాబాదులోని తల్లిదండ్రులతో మాటలాడదలచినచో, శీతకాలమున 10½ గంటలు, వేసవిలో 9½ గంటలు లెక్కింపవలెను. మారునది వారి గడియారమే, మనది కాదు.

ఇప్పుడు మన ప్రామాణిక కాలమును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు పరమాణు గడియారములతో కాపాడుచున్నారు. గడియారమును జరిపినంతమాత్రమున సూర్యోదయము జరుగదు. సూర్యుడు ప్రకృతి నియమము ననుసరించును. గడియారము మానవుల ఒడంబడిక ననుసరించును. కొండనడుమ సొరంగమునుండి వెలువడు బండి క్షేమముగా గమ్యము చేరుటకు ఆ ఒడంబడికను అందరు పాటించుటయు ఒక కారణము.