నదిని ఎరిగిన పిల్లలు: పుట్టి, తెడ్డు, గుడారం నేర్పే పాఠం

 

గంగానది పొడవు ఎంత అని అడిగితే మన పిల్లలు తడుముకోకుండా చెబుతారు. పరీక్షలో వస్తుంది కనుక కంఠస్థం చేసి ఉంటారు. అదే పిల్లలను హొసకోటె మీదుగా పోయే నది పేరు అడగండి. చాలామంది ముఖాలు చూసుకుంటారు. దానికి వారిని తప్పుపట్టి లాభం లేదు. "నీళ్ళ దగ్గరికి పోవద్దు" అని చెప్పి పెంచాము. చెరువు అంటే ప్రమాదం, కాలువ అంటే కంపు, ఇంతే వారికి తెలిసినది. తెలియని దానిమీద ప్రేమ పుట్టదు. ప్రేమ లేని దానిని ఎవరూ కాపాడరు. ఈ సంచికలో ఈ విషయం గురించి కొంచెం వివరంగా తెలుసుకుందాం.

మన నది ఏది?

మన నది పేరు దక్షిణ పినాకిని. తమిళనాడులో దీనినే తెన్‌పెణ్ణై అంటారు. పినాకం అంటే శివుని విల్లు. చిక్కబళ్ళాపుర జిల్లాలో నందికొండల ప్రాంతంలో ఈ నది పుడుతుంది. అదే ప్రాంతంలో పుట్టే ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, అనంతపురం, కడప జిల్లాల మీదుగా పోయి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని హొసకోటె మీదుగా దక్షిణానికి సాగి, హొసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం చేరి, ఆపైన కృష్ణగిరి, సాత్తనూరు ఆనకట్టలు దాటి, కడలూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. పొడవు దాదాపు 400 కిలోమీటర్లు.

హొసకోటె అంటే కొత్త కోట అని అర్థం. సుగటూరు పాళెగారు తమ్మేగౌడ 1595 ప్రాంతంలో ఈ కోట కట్టించాడని మైసూరు గెజెటీరు చెబుతుంది. ఇక్కడి పెద్ద చెరువు కట్ట రెండు మైళ్ళ పొడవనీ, నిండితే నీటి చుట్టుకొలత పది మైళ్ళకు తగ్గదనీ అందులోనే ఉంది. కట్ట, తూము, కోడి, రాజకాలువె అనే మాటలు ఇక్కడి పెద్దలకు నిత్యం వాడుకలో ఉండేవి. ఆంధ్రలో అలుగు అనేదాన్నే ఇక్కడ కోడి అంటాము. నేటి పిల్లలకు ఈ మాటలు తెలియవు. మాటతోపాటు వస్తువు మీద శ్రద్ధ కూడా పోయింది.

పుట్టి ఎక్కితే ఏమి తెలుస్తుంది?

వెదురు బద్దలతో గుండ్రంగా బుట్టవలె అల్లిన పడవను తెలుగులో పుట్టి అంటారు, కన్నడంలో హరిగోలు లేక తెప్ప అంటారు. పూర్వం దానికి తోలు చుట్టేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తారు. సుమారు 1520లో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర జనం ఇటువంటి బుట్ట పడవలలో నది దాటడం చూసి వ్రాసిపెట్టాడు. ఐదు వందల ఏళ్ళు గడిచినా తుంగభద్ర మీద, కావేరి మీద, కృష్ణ మీద పుట్టి ఇంకా తిరుగుతూనే ఉంది.

పుట్టికి ముందూ వెనుకా లేదు. తెడ్డు సరిగా వేయకపోతే ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. అందరూ ఒకే పక్కకు ఒరిగితే బోల్తా పడుతుంది. కనుక ఎక్కిన ప్రతివారూ సమంగా కూర్చోవాలి, నడిపేవారి మాట వినాలి. నీటి వేగం, లోతు, బండరాళ్ళు, సుడులు అన్నీ కంటికి కనబడతాయి. గట్టుమీద గుడారం వేసి ఒక రాత్రి గడిపితే ఇంకొక సంగతి తెలుస్తుంది. వంటకు, త్రాగడానికి, కడగడానికి నీరు బిందెతో మోసుకొని రావాలి. మనం పారేసిన చెత్త తెల్లవారేసరికి మన ఎదుటనే ఉంటుంది. కుళాయి తిప్పితే నీరు, బుట్టలో వేస్తే చెత్త మాయం అనే భ్రమ ఒక్క రాత్రిలో తొలగిపోతుంది.

ఇతరులు ఏమి చేశారు?

1. గంగానది: ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ 1994లో 18 మంది స్త్రీల బృందంతో హరిద్వార్ నుండి కలకత్తా వరకు తెప్పల మీద ప్రయాణం చేశారు. 39 రోజులలో 2,155 కిలోమీటర్లు. 2019 అక్టోబరు, నవంబరు నెలలలో 'గంగా ఆమంత్రణ్' అనే యాత్ర దేవప్రయాగ నుండి గంగాసాగర్ వరకు 2,500 కిలోమీటర్లకు పైగా సాగింది. అందులో తెడ్డు వేసేవారితో పాటు నీటి నమూనాలు పరీక్షించే శాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు. దారిలో గట్ల మీది చెత్త తీయడం, విద్యార్థులతో మాట్లాడడం యాత్రలో భాగం.

2. అమెరికాలో జార్జియా రాష్ట్రం: మనవారు ఎందరో స్థిరపడిన అట్లాంటా నగరం చట్టహూచీ నది నీరు త్రాగుతుంది. ఆ రాష్ట్రంలో 'జార్జియా రివర్ నెట్‌వర్క్' అనే సంస్థ 2005లో 'పాడిల్ జార్జియా' అనే వేసవి యాత్ర మొదలుపెట్టింది. కుటుంబాలు పిల్లాపాపలతో చిన్న పడవలలో రోజుల తరబడి నది వెంట పోతాయి, రాత్రి గుడారాలలో పడుకుంటాయి, నీటిని పరీక్షించడం నేర్చుకుంటాయి, చెత్త ఏరుతాయి. నది మీద పోయివచ్చిన వారే తరువాత ఆ నదికి కాపలాదారులు అవుతారన్నది వారి నమ్మకం.

3. మన కావేరి: భీమేశ్వరి, గాలిబోరె ప్రాంతాలలో కావేరి గట్టున కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ శిబిరాలు నడుపుతున్నది. 1972లో ఏర్పడిన 'వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా' అనే సంఘం కూడా ఈ నదిలో కొంత భాగాన్ని కాపాడే పని చేపట్టింది. ఇక్కడి మూపురం మహసీర్ చేప చాలా పెద్దది, అరుదైనది. పూర్వం కొందరు నీటిలో మందుగుండు పేల్చి చేపలు చంపేవారు. శిబిరాలు వచ్చాక గాలం వేసి పట్టిన చేపను తూచి, మళ్ళీ నీటిలో వదిలే పద్ధతి పెట్టారు. దొంగచాటుగా చేపలు పట్టిన వారిలో కొందరికే కాపలాదారులుగా, పుట్టి నడిపేవారుగా ఉద్యోగాలు ఇచ్చారు. చచ్చిన చేప ఒక్కసారే అమ్ముడుపోతుంది, బ్రతికిన చేప ఏటేటా జీతం ఇస్తుంది. వాణిజ్యశాస్త్రం చదివిన వారికి ఇది మూలధనానికి, దాని మీద వచ్చే ఆదాయానికి గల తేడా అని వేరే చెప్పనక్కరలేదు. తరువాత వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో గాలం వేయడం ఆగిపోయింది. మహసీర్ 2018లో అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాణుల జాబితాలో చేరింది. కాపలా ఒక తరంతో ముగిసే పని కాదని దీనివలన గ్రహించాలి.

మన నదిలో పుట్టి వేయగలమా?

ఇదే అసలు ప్రశ్న. బెంగళూరు ఒక మిట్ట మీద ఉన్న నగరం. పడమటి వాలులో పడిన నీరు వృషభావతి, అర్కావతుల ద్వారా కావేరికి పోతుంది. తూర్పు వాలు నీరు బెళ్ళందూరు, వర్తూరు చెరువుల ద్వారాను, హెబ్బాళ వైపు నుండి యెలె మల్లప్పశెట్టి చెరువు ద్వారాను దక్షిణ పినాకినికి చేరుతుంది. మనం త్రాగేది కావేరి నీరు. వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగునీరుగా తిరిగి వస్తుందని ఇంజనీర్లు లెక్క కడతారు. అంటే కావేరి ఖాతాలో తీసిన నీటిలో పెద్ద భాగాన్ని మురికి చేసి పినాకిని ఖాతాలో జమ చేస్తున్నామన్నమాట. కెలవరపల్లి జలాశయం దగ్గర తెల్లని నురగ పేరుకొన్న చిత్రాలు పత్రికలలో పలుమార్లు చూశాము. ఆ నీటితో పంట పండించే రైతు మన ఇంటి సబ్బునీటిని తన పొలానికి పెట్టుకోవలసి వస్తున్నది. ఆయనకు మన చిరునామా తెలియదు కనుక ఫిర్యాదు మన గడపకు రాలేదు, అంతే.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని ఐదు తరగతులుగా విభజించింది. 'బి' తరగతి నీరు స్నానానికి యోగ్యం. దానికి కావలసిన కొలతలు ఇవి:

అ) లీటరు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములు లేక అంతకన్నా ఎక్కువ.
ఆ) మురికిని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు ఐదు రోజులలో వాడుకొనే ప్రాణవాయువు (బి.ఓ.డి.) 3 మిల్లీగ్రాములు లేక అంతకన్నా తక్కువ.
ఇ) ఆమ్ల క్షార విలువ 6.5 నుండి 8.5 లోపు.
ఈ) 100 మిల్లీలీటర్లలో కోలిఫారం క్రిములు 500 మించరాదు.

ఈ నాలుగింటిని జ్ఞాపకం పెట్టుకోండి. మురికి ఎక్కువైతే దానిని కుళ్ళబెట్టే పనికే ప్రాణవాయువు ఖర్చయిపోతుంది, చేపకు మిగలదు. చేపలు ఒక్కసారిగా తేలి చచ్చిపోవడానికి తరచుగా ఇదే కారణం. మురుగు కలిసే నీటిలో పిల్లలను దింపరాదు. చర్మవ్యాధులు, విరేచనాలే కాక, ఎలుకల మూత్రం వలన వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం కూడా సోకవచ్చు. కాబట్టి ప్రస్తుతానికి మన నదిని గట్టు మీద నుండే చదవాలి, పుట్టి ఎక్కడం కావేరి శిబిరాలలో నేర్చుకోవాలి. మన పిల్లలు తమ ఊరి నీటిలోనే భయం లేకుండా తెడ్డు వేయగలిగిన రోజున ఆ నది బాగుపడిందని చెప్పవచ్చు.

భద్రత విషయంలో రాజీ లేదు

2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగా, పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి 50 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటివి చదివిన తల్లిదండ్రులకు భయం సహజం. భయం ఉండవలసిందే, కానీ అది నియమంగా మారాలి. నీటి పక్కనే పెరిగే పిల్లవాడికి నీటి గురించి ఏమీ తెలియకపోవడం కూడా ప్రమాదమే. ఏ యాత్రకు పంపినా ఇవి అడగండి:

1. ప్రతి ఒక్కరికీ కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉన్నదా? ఈత వచ్చినవారు కూడా విధిగా వేసుకోవాలి. బొత్తాలు, పట్టీలు బిగించి చూడాలి.
2. పడవలో ఎంతమంది ఎక్కవచ్చో అంతకు మించి ఎక్కించరాదు.
3. వరద రోజులలో, ఆనకట్ట తలుపులు ఎత్తే సమయంలో ప్రయాణం రద్దు చేయాలి. డబ్బు పోయినా ఫరవాలేదు.
4. పుట్టిలో లేచి నిలబడరాదు, ఫోటోల కోసం ఒక పక్కకు చేరరాదు.
5. తెలియని చెరువులో, క్వారీ గుంటలో ఎట్టి పరిస్థితిలోనూ దిగరాదు.
6. సాయంత్రం చీకటి పడకముందే అందరూ గట్టు మీద ఉండాలి, తలలు లెక్కించాలి.

ఒక ఆదివారం పని

విద్యార్థులు ఐదారుగురు, పెద్దలు ఇద్దరు కలిసి ఒక ఆదివారం ఉదయం హొసకోటె చెరువు కట్ట మీద నడవండి. నీటిలో దిగవద్దు. ఒక నోటు పుస్తకంలో ఐదు గళ్ళు గీయండి: తేదీ, స్థలం, నీటి రంగు, వాసన, కనబడిన పక్షులు. నీరు ఎటునుండి వస్తున్నది, కోడి ఎక్కడ, తూము ఎక్కడ, ఏ కాలువలో మురుగు కలుస్తున్నది, వ్రాసుకోండి. ఊరి పెద్దలను పూర్వపు సంగతులు అడగండి. ఇదే పని ప్రతి నెలా అదే చోట చేయండి. బ్యాంకులో ఒక్కరోజు నిల్వ చూసి ఖాతాదారుని స్థితి చెప్పలేము, సంవత్సరం లావాదేవీలు చూడాలి. చెరువు కూడా అంతే. పన్నెండు నెలల పుస్తకం చేతిలో ఉన్న విద్యార్థి మాటను నగరసభలో గానీ, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో గానీ తేలికగా తీసివేయలేరు.

ఇంట్లో చేయదగినవి: వంటనూనె తొట్టిలో పోయకండి. సబ్బుపొడి కొలిచి వాడండి. వానకాలువలోకి మురుగు గొట్టం కలిపి ఉంటే తీయించండి. పండుగకు రంగులు లేని మట్టి వినాయకుణ్ణి బకెట్ నీటిలో నిమజ్జనం చేసి, ఆ మట్టిని చెట్టుకు వేయండి.

అభ్యాసం

1. కావేరి ఐదవ దశ పథకం 2024 అక్టోబరులో ప్రారంభమయింది. దాని సామర్థ్యం రోజుకు 77.5 కోట్ల లీటర్లు. ఒక టి.ఎం.సి. అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, ఒక ఘనపుటడుగు 28.32 లీటర్లు. ఈ పథకానికి ఏడాదికి ఎన్ని టి.ఎం.సి.లు కావాలి? (జవాబు: దాదాపు 10.)
2. అందులో 80 శాతం మురుగునీరయితే రోజుకు ఎన్ని కోట్ల లీటర్లు శుద్ధి చేయాలి?
3. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 30×40 అడుగుల ఇంటి కప్పు వైశాల్యం సుమారు 111 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వానకు ఎన్ని లీటర్లు పట్టవచ్చు? మీ ఇంట్లో అది ఎన్ని రోజులకు సరిపోతుంది?
4. మీరు పుట్టిన ఊరి నది గానీ, చెరువు గానీ ఏ సముద్రంలో, ఏ దారిన కలుస్తుందో పటం గీసి చూపండి.

చదువు, ఉపాధి

ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవారికి దారులున్నాయి. సివిల్ ఇంజనీరింగులో జలవనరుల శాఖ, పర్యావరణ శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం మొదలైనవి నీటి పరీక్షాలయాలలోను, శుద్ధి కేంద్రాలలోను పనికివస్తాయి. 1969లో స్థాపించిన మంగళూరు మత్స్య కళాశాల మన రాష్ట్రంలోనే ఉంది. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ ప్రాణరక్షణలోను, పడవ నడపడంలోను శిక్షణ ఇస్తుంది. వాణిజ్య విద్యార్థులు నిరాశ పడనక్కరలేదు. నీటి పథకాలకు లెక్కలు వ్రాసేవారు, తనిఖీ చేసేవారు కూడా కావాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ వేసవి సెలవులలో పిల్లలను ఒక్కసారి నది దగ్గరికి, మీ కళ్ళెదుట, నియమాలతో తీసుకొని వెళ్ళండి. నంది కొండ మీద నుండి తూర్పు వైపు చూపి "అదిగో, మన నీరు ఇక్కడ మొదలవుతుంది" అని చెప్పండి. కడలూరు దాకా ఆ నీటి మీద బ్రతికేవారు ఎందరో ఉన్నారు. వారికి మనం ఎగువ ఊరివారం. ఎగువన ఉన్నవారికి బాధ్యత ఎక్కువ.