ఆవు రాట కొరుకుతోందా? కారం పూసే ముందు ఇది చదవండి

పైన వీడియోలో మా గౌరి గాటి చెక్కని ఎలా గీకుతుందో మీరు చూసే ఉంటారు. వీడియో నిడివి పెరిగిపోతుందని అందులో కొన్ని లెక్కలు, జాగ్రత్తలు వదిలేశాను. అవన్నీ ఇక్కడ రాస్తున్నాను. చదివాక మీ పాకలోకి వెళ్ళి రాటలు, గాటి అంచులు, ఆవుని కట్టే చెట్టు మొదలు ఒక్కసారి చేత్తో తడిమి చూడండి. నునుపు తేలి, పళ్ళ గాట్లు తగిలితే ఈ పాఠం మీకోసమే.

నేను చేసిన మూడు తప్పులు

మాది నూజివీడు పక్కన మామిడి తోట. చిన్నరసాలు, బంగినపల్లి, గట్టు వెంబడి నాలుగు కలెక్టరు చెట్లు. వ్యవసాయ డిప్లొమా చేసిన నేను ఆరేళ్ళ క్రితం మందులు మానేసి జీవామృతంలోకి వచ్చాను. పండించిన కాయని నేరుగా ఇళ్ళకి పంపుతాను. ఇదంతా నడవాలంటే గౌరి ఉండాలి. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం కలపాలంటే 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం కావాలి కదా. నేను పేడ, మూత్రం లెక్క రాసుకున్నానే గానీ, దాని నోట్లోకి ఏం వెళ్తుందో ఎప్పుడూ రాసుకోలేదు.

ఫిబ్రవరిలో తోటలో గడ్డి ఎండిపోయింది. పొద్దున చెట్టుకి కట్టడం, వరిగడ్డి వెయ్యడం, సాయంత్రం పాకలోకి తోలడం, అంతే. ముందు గాటి చెక్క గీకింది. తర్వాత సరుగుడు రాట నమిలింది. మార్చిలో ఒకరోజు చూస్తే మా తాత వేసిన చిన్నరసం చెట్టు మొదట్లో బెరడు మూడు వైపులా లేచిపోయి ఉంది. నాలుగో వైపు జానెడు మాత్రం మిగిలింది. అదీ పోతే ఆకు వండిన ఆహారం వేరుకి దిగే దారి పూర్తిగా తెగిపోతుంది, చెట్టు దక్కదు. పైగా గౌరి అప్పటికి ఐదు నెలల చూడి.

మొదటి తప్పు: పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి రాటకి పూశాను. రెండ్రోజులు దగ్గరికి రాలేదు. మూడో రోజు పక్క రాట మొదలెట్టింది.

రెండో తప్పు: ట్రాక్టర్ నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పూశాను. మా వైపు చాలామంది చేసే పనే. ఇది మాత్రం దయచేసి చెయ్యకండి. అందులో అరిగిన లోహాల మడ్డి ఉంటుంది. ఆవు నాకితే లోపలికి పోయేది అదే. పాత రంగులు వేసిన తలుపులు, గేట్లు నాకినా ఇదే ప్రమాదం. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పశువులకి అది నేరుగా విషం.

మూడో తప్పు: గాటి అంచుకి రేకు పెట్టి మేకులు కొట్టాను. నాలుగు రోజులకి రేకు ఊడి వేలాడుతోంది. మేకులు లెక్క పెడితే ఒకటి తక్కువ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆవు నోటితో ఏరుకుని తినదు, నాలుకతో చుట్టి మింగేస్తుంది. మింగిన మేకు రెండో పొట్టలో ఆగుతుంది. ఆ పొట్టకి, గుండెకి మధ్య దూరం చాలా తక్కువ. చూడి ఆవుకి దూడ బరువు వెనకనుంచి తోస్తుంటే మేకు ముందుకి గుచ్చుకునే అవకాశం ఇంకా ఎక్కువ. తెల్లారాక పాత స్పీకర్లోని అయస్కాంతం తాడుకి కట్టి చెత్తలో తిప్పాను. గంట తర్వాత మేకు దొరికింది. అప్పుడుగానీ డాక్టరు గారికి ఫోన్ చెయ్యాలనే బుద్ధి రాలేదు నాకు.

డాక్టరు గారు అడిగిన ప్రశ్నలు

ఆయన వచ్చి రాట వైపు చూడనే లేదు. ఉప్పు ఎంత పెడుతున్నావు, పచ్చిమేత ఎన్నాళ్ళ నుంచి లేదు, రోజుకి ఎన్ని గంటలు కట్టేసి ఉంచుతావు, నీళ్ళు ఎన్నిసార్లు, నట్టల మందు ఎప్పుడు తాగించావు? ఐదింటిలో ఒక్కదానికీ నా దగ్గర సరైన జవాబు లేదు. డిప్లొమాలో ఇదంతా చదివి పరీక్ష కూడా రాశాను!

విషయం ఏంటంటే, పశువు చెక్క, మట్టి, ఎముక, గుడ్డ, ప్లాస్టిక్ లాంటివి తింటోందంటే ముందు అనుమానించాల్సింది భాస్వరం, ఉప్పు కొరతని. వరిగడ్డిలో భాస్వరం బాగా తక్కువ. అందులో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని కూడా పట్టుకుని బయటికి తీసుకుపోతాయి. అంటే కడుపు నిండుతుంది, ఒంట్లో కొరత మాత్రం అలాగే ఉంటుంది. చూడి ఆవుకైతే దూడ ఎముకలకి కూడా అందులోంచే పోవాలి. దీనికి నట్టలు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. మట్టి తినే దూడల్లో ముందు చూడాల్సింది నట్టలనే.

రెండో కారణం ఊసుపోకపోవడం. వదిలేసిన ఆవు రోజుకి సుమారు ఎనిమిది గంటలు మేస్తుంది, దాదాపు అంతసేపే నెమరేస్తుంది. మనం రెండు మోపులు వేసి, మూడు గజాల పలుపుతో కట్టేస్తే మిగతా టైమంతా ఆ నోటికి పనేంటి?

గుర్రానికీ ఆవుకీ తేడా

నూజివీడులో పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని తిప్పే ఆయన దగ్గర కంపోస్టు కోసం లద్దె తెచ్చుకుంటాను. ఆయన గుర్రమూ రాట కొరుకుతుంది. మూఢంలో, ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక కొట్టంలోనే ఉన్నప్పుడు మరీ ఎక్కువట. "మెడకి పట్టీ బిగిస్తే ఆగుద్దంట గదా తమ్ముడూ" అని అడిగారు. రెండూ ఒకటే జబ్బు అనుకోకండి, తేడా ఉంది.

గుర్రంలో రెండు రకాలు. ఒకటి, చెక్కని నిజంగా నమలడం. రెండోది, పై ముందు పళ్ళని అంచుకి ఆనించి, మెడ వంచి, వెనక్కి లాగుతూ గుర్రుమని గాలి లాక్కోవడం. ఈ రెండోది పాతుకుపోయాక పూర్తిగా పోవడం కష్టం. పళ్ళు అరిగిపోతాయి, కడుపునొప్పి వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. మెడపట్టీ పనిని ఆపుతుందే గానీ కారణాన్ని ఆపదు. ఆవుకైతే పై దవడలో ముందు పళ్ళే ఉండవు. అందుకే అది గాలి పీల్చే రకం కొరుకుడు కొరకలేదు. కింది పళ్ళతో గీకుతుంది, నాలుకతో నాకుతుంది, దవడ పళ్ళతో నములుతుంది.

మందులో కూడా తేడా ఉంది. మా గౌరికి తవుడు మేలు చేసింది, ఎందుకంటే తవుడులో భాస్వరం ఎక్కువ, ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి ఇవ్వగలవు. అదే తవుడు గుర్రానికి రోజూ దండిగా పెడితే కాల్షియం తగ్గి ముఖం ఎముకలు ఉబ్బే జబ్బు వస్తుంది. సుబాబుల్ ఆకు ఆవుకి మేతలో మూడో వంతు దాటకుండా వెయ్యొచ్చు. గుర్రానికి అసలు వద్దు, జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి.

గుర్రం సొంతంగా మేస్తే రోజులో సగం పైనే మేతలో గడుపుతుంది. కాబట్టి ఆయనకి నేను చెప్పినవి మూడే. నానబెట్టిన శనగలు ఒకేసారి గుమ్మరించకుండా, గడ్డి ఎప్పుడూ ముందు ఉండేలా వల సంచిలో కట్టి కొద్దికొద్దిగా లాక్కునేలా పెట్టడం. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కూడా పొద్దున, సాయంత్రం బయట తిప్పడం. తోడుగా కనీసం ఒక మేకనైనా కట్టడం.

గౌరికి మేం పెట్టిన పద్ధతి

వీడియోలో బోర్డు మీద రాసినది ఇదే. 350 నుంచి 400 కిలోల ఆవుకి లెక్క:

1. ఉప్పు: రోజుకి 30 గ్రాములు కుడితిలో. అంటే నెలకి కిలోకి కొంచెం తక్కువ. దీంతో పాటు వాన తగలని చోట ఉప్పు ఇటుక కట్టండి, కావాల్సినప్పుడు అదే నాక్కుంటుంది.

2. ఖనిజ లవణ మిశ్రమం: రోజుకి 50 గ్రాములు. నెలకి కిలోన్నర. దూడకి అందులో సగం.

3. తవుడు కిలో, చెక్క అరకిలో. ఒక్కసారిగా పెంచకండి, వారం పది రోజుల్లో మెల్లగా ఆ లెక్కకి తీసుకురండి.

4. పచ్చిమేత: రోజుకి 15 కిలోలు. మా తోటలో చెట్ల మధ్య పిల్లిపెసర, గట్టు మీద అవిశ వేశాం. జొన్న వేసేవాళ్ళు లేత మొలకని, నీళ్ళు లేక వడలిన పైరుని కోసి వెయ్యకండి, అది విషం అవుతుంది.

5. వరిగడ్డి ఒకేసారి కాకుండా నాలుగు విడతలు. చివరి విడత రాత్రి పడుకునే ముందు.

6. నీళ్ళు ఎప్పుడూ తొట్టిలో ఉండాలి. ఎండాకాలం 50 లీటర్ల దాకా తాగుతుంది.

7. పేడ పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన నట్టల మందు మాత్రమే. చూడి ఆవుకి మందుల షాపులో అడిగి తెచ్చింది పొయ్యకండి.

8. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పలుపు విప్పి మేపడం.

"ప్రకృతి వ్యవసాయం అంటూ ఖనిజాల ప్యాకెట్ కొనడం ఏంటి?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా తాత కాలంలో ఆవు చెరువు గట్టు, పుంత, కొండ వార, కోసిన పొలం అన్నీ తిరిగి వచ్చేది. నలభై రకాల ఆకు తినేది. మనం ఒక్క వరిగడ్డి పెట్టి ఒకే చెట్టుకి కట్టేశాం. ఆ తిరుగుడు తిరిగి ఇవ్వగలిగిన రోజు ప్యాకెట్ తగ్గించుకోవచ్చు. అప్పటిదాకా ఆవు ఎముకల్లోంచి అప్పు తీసుకోవడం ప్రకృతి వ్యవసాయం అవదు కదా.

చెట్టుకి, చెక్కకి ఏం చెయ్యాలి

పూత వద్దని నేను అనను. మేత సరిచేశాక అలవాటు తప్పించడానికి పూత సాయం చేస్తుంది. అన్నిటికంటే తేలికైంది ఆవు పేడే. ఆవు తన పేడ వాసన ఉన్నచోట నోరు పెట్టదు. పేడ, ఎర్రమట్టి సమానంగా తీసుకుని, మూత్రంతో జావలా కలిపి రాటకి, చెట్టు మొదలుకి నాలుగడుగుల ఎత్తు వరకు పూశాం. వారానికోసారి, వాన పడితే మళ్ళీ.

చెట్టు గాయానికి కూడా ముందు వేలాడే బెరడు ముక్కలు కత్తితో శుభ్రంగా తీసేసి, ఇదే పూత మందంగా పట్టించాం. గాయం తెరిచి ఉంచితే కాండం తొలిచే పురుగు అక్కడే గుడ్లు పెడుతుంది. చుట్టూ మూడడుగుల దూరంలో కర్రలతో దడి కట్టాం. మామిడి చెట్టుకి పశువుని కట్టడం అప్పటి నుంచి పూర్తిగా మానేశాం. పక్క తోటలో మందు కొడితే ఆ తుంపర మన చెట్టు బెరడు మీద పడుతుంది. ఆవు నాకేది దాన్నే అని గుర్తుపెట్టుకోండి.

ఇవి కనిపిస్తే ఆగకండి

1. ఉన్నట్టుండి చెక్కని, రాయిని కసిగా కొరుకుతూ, చొంగ కారుస్తూ, గొంతు మారి అరుస్తుంటే పిచ్చికుక్క కరిచి ఉండొచ్చు. ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టకండి. చొంగ తగిలిన మనుషులు వెంటనే సబ్బుతో కడుక్కుని ఆసుపత్రికి వెళ్ళాలి.

2. ఈనిన కొద్ది వారాల్లో పాలు, మేత తగ్గి, గోడలు నాకుతుంటే కీటోసిస్ కావచ్చు.

3. మూత్రం కాఫీ రంగులో వస్తే భాస్వరం బాగా పడిపోయి ఉండొచ్చు, గోమారి జ్వరం కూడా కావచ్చు.

4. వీపు వంచి, మోచేతులు బయటికి పెట్టి, పల్లం దిగడానికి మూలుగుతుంటే మేకు అనుమానం.

వీటిలో ఏది చూసినా 1962కి ఫోన్ చెయ్యండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

చివరికి ఏమైంది

పన్నెండో రోజుకి రాట కొరకడం తగ్గింది. నెల తిరిగేసరికి చెట్ల జోలికి పోవడం మానేసింది. పూర్తిగా మానిందా అంటే లేదు. మేత ఆలస్యమైన రోజు గాటి చెక్కని ఇప్పటికీ నాలుగు గీకులు గీకుతుంది. ఆ చప్పుడు వినబడితే తప్పు దానిది కాదు, నాది అని లేచి వెళ్తాను. జూలైలో ఈనింది, కోడెదూడ. తాత చెట్టుకి మిగిలిన జానెడు బెరడు పక్కల నుంచి కొత్త తోలు సాగుతోంది. ఈ ఏడు కాయ సగమే వచ్చింది, కానీ చెట్టు నిలబడింది.

ఈ రోజు ఒక్క పని చెయ్యండి. మీ ఆవు నోట్లోకి రోజంతా ఏం వెళ్తుందో ఉప్పుతో సహా ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం చూపిస్తే మీ ఊరి డాక్టరు గారికి సగం పని తేలికవుతుంది. వచ్చే వీడియోలో మామిడి చెట్ల మధ్య పిల్లిపెసర ఎప్పుడు, ఎలా చల్లాలో చూపిస్తాను. ఉంటాను మరి.