జీర్ణోద్ధరణ

ఉద్దేశం: పాత వస్తువును బాగుచేయడమంటే దానిని కొత్తదిగా మార్చడం కాదనీ, దేనిని నిలుపుకోవాలో, దేనిని మార్చుకోవాలో తెలిసిన వివేకమే ఉద్ధరణకు ప్రాణమనీ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

శిథిలమైన ఆలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని మన పూర్వులు ‘జీర్ణోద్ధరణ’ అన్నారు. కొత్త గుడి కట్టించడం కన్నా పాత గుడిని నిలబెట్టడం గొప్ప పుణ్యమని పెద్దలు చెబుతారు. ఈ మాట గుళ్ళకే చెందుతుందని నేను చాలాకాలం అనుకొన్నాను. భీమ్‌గల్‌లోని మా ఇంటి కొట్టంలో ఇరవై ఏళ్ళకు పైగా కదలక పడి ఉన్న ఒక అంబాసిడర్ కారు నా అభిప్రాయాన్ని మార్చివేసింది.

మన దేశ రహదారుల చరిత్రలో అంబాసిడర్ ఒక అధ్యాయం. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారంగా చేసుకొని హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో దీనిని తయారుచేసింది. 1958లో మొదలైన ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. మంత్రులూ కలెక్టర్లూ ఎక్కిన ఈ కారే పల్లెల్లో పెళ్ళికూతుళ్ళనూ రోగులనూ మోసింది. నిజాం ప్రభువుల 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రంగా ఉంది. రాజుల వాహనాలకు ప్రదర్శనశాలలు ఉన్నాయి. సామాన్యుల వాహనాలకు పాత ఇనుప దుకాణాలే గతి.

మా నాయన పసుపు రైతు. 1968లో తయారైన మార్క్-2 అంబాసిడర్‌ను ఆయన కొంతకాలం తర్వాత మరొకరి దగ్గర కొన్నారు. ఊళ్ళో ఏ ఇంట ప్రసవవేదన మొదలైనా అర్ధరాత్రి వచ్చి తట్టేది మా తలుపే. నాయన పోయాక ఆ కారు కొట్టం చేరింది. 2021లో పాత ఇనుము కొనేవాడు వచ్చి బరువు లెక్కన వెలకట్టాడు. మా అమ్మ ఆ మాట విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే కారును బాగుచేయించాలని నిశ్చయించుకొన్నాను.

నాకు తోడు దొరికినవాడు ఒక వృద్ధ ఫిట్టర్. బోధన్ చక్కెర కర్మాగారంలో యంత్రాలకు ప్రాణం పోసిన చేతులు ఆయనవి. 2015లో ఆ కర్మాగారం మూతపడిన తర్వాత భీమ్‌గల్‌లో కూతురి ఇంటికి చేరాడు. అందరమూ ఆయనను ‘ఫిట్టర్ కాక’ అనేవాళ్ళం.

మొదటి వారమంతా కాక ఒక్క మర కూడా బిగించలేదు. ప్రతి భాగాన్నీ విప్పేముందు మా అబ్బాయిచేత ఫొటో తీయించాడు. విప్పిన ప్రతిదానికీ సంఖ్య వేయించి, మరలను వేరువేరు డబ్బాలలో పెట్టించాడు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో విప్పినప్పుడు రాళ్ళకు సంఖ్యలు వేశారు. ఆ మండపం 2024లో మళ్ళీ నిలబడింది. విప్పడం ఎవరికైనా సాధ్యమే. తిరిగి కూర్చగలిగేలా విప్పడమే విద్య.

ఇంజిన్ బిగుసుకుపోయింది. బ్యాటరీ తగిలించి చూద్దామని మా అబ్బాయి తొందరపడ్డాడు. బిగుసుకొన్న పిస్టన్లను బలవంతాన తిప్పితే రింగులు విరుగుతాయి. కాక స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలలో ఆయిల్ పోసి, పది రోజులు అలాగే వదిలేశాడు. “ఇరవై ఏండ్ల తుప్పు ఇరవై నిమిషాల్ల ఇడుస్తదా, బిడ్డా?” అన్నాడు. పదకొండవ నాడు హ్యాండిల్ వేసి మెల్లగా తిప్పితే ఇంజిన్ కదిలింది. పెట్రోలు ట్యాంకులో పాత పెట్రోలు జిగురుగా మారి ఉంది. దానిని కడిగి శుభ్రం చేశాం. బ్రేకుల రబ్బరు భాగాలు, కరెంటు వైర్లు, టైర్లు మాత్రం పూర్తిగా కొత్తవి వేయించాం. ప్రాణాలు వాటిమీద ఆధారపడి ఉంటాయి కనుక అక్కడ పాతదనంమీద మమకారం పనికిరాదు.

అసలు వివాదం ఇంజిన్ విషయంలో వచ్చింది. 1489 సి.సి. పెట్రోలు ఇంజిన్‌ను తీసేసి కొత్త డీజిల్ ఇంజిన్, ఏసీ పెట్టిద్దామన్నాడు మా అబ్బాయి. కాక తల అడ్డంగా ఊపాడు. “కొత్తది ఏసుడు ఎవలకైనా వస్తది సారూ. ఉన్నదాన్ని నడిపిచ్చుడే పని” అన్నాడు.

ఆ మాట నన్ను నా చదువు దగ్గరకే తీసుకుపోయింది. సి.పి. బ్రౌన్ (1798–1884) తెలుగు కావ్యాల రాతప్రతులను ఎన్నో సేకరించి, వాటిని పండితులచేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. కావ్యం అందంగా ఉండాలని పరిష్కర్త తన సొంత పద్యం చేర్చితే అది ప్రక్షిప్తమవుతుంది. ఆ పద్యం ఎంత బాగున్నా అది ఆ కవిది కాదు. మా కారులో డీజిల్ ఇంజిన్ కూడా అలాంటి ప్రక్షిప్తమే. 2021లో కేంద్రప్రభుత్వం తెచ్చిన నియమాలు కూడా ఈ దృష్టినే సమర్థించాయి. మొదటి రిజిస్ట్రేషన్ నాటినుంచి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాన్నే అవి ‘వింటేజ్’గా గుర్తించాయి.

ఇంత తెలిసిన నేనే ఒక పెద్ద తప్పు చేశాను. డిక్కీ మూత లోపలి భాగాన్ని ఎమెరీ కాగితంతో రుద్దుతున్నాను. మంచినీళ్ళు తెచ్చిన అమ్మ ఒక్కసారిగా, “ఆగు బిడ్డా! అది మీ నాయిన రాత!” అంది. మడ్డి కింద పెన్సిలుతో రాసిన అక్షరాలు. ఆయిల్ మార్చిన తేదీలు, ఆసుపత్రికి తీసుకుపోయినవారి పేర్లు వరుసగా ఉన్నాయి. సగం అప్పటికే నా చేతి కిందనే చెరిగిపోయింది. తాళపత్రాలు చదవడం నేర్చినవాణ్ణి నాయన చేతిరాతను మురికి అనుకొన్నాను. ఆనాటి సిగ్గు నేటికీ నన్ను విడువలేదు.

పోయిన పేర్లను అమ్మను అడిగి రాయిద్దామన్నాడు మా అబ్బాయి. నేను వద్దన్నాను. ప్రాచీన గ్రంథాలలో అక్షరాలు నశించినచోట పరిష్కర్తలు చుక్కలు పెట్టి, ‘గ్రంథపాతం’ అని రాస్తారు, ఊహించి పూరించరు. అమ్మ చెప్పినవి వేరే నోటుపుస్తకంలో రాసుకొన్నాం. కారంతటికీ రెడాక్సైడ్ పూసి రంగు వేశాం. ఆ మూత లోపలి భాగానికి మాత్రం వేయలేదు.

ఎనిమిది నెలలకు ఇంజిన్ పలికింది. హ్యాండిల్ తిప్పినవాడు మా అబ్బాయి. కాక బానెట్‌మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకొని చాలాసేపు విన్నాడు. తర్వాత కార్బురేటర్ మరను కొద్దిగా తిప్పి, “ఇగ ఇప్పుడు ఇను” అని మా అబ్బాయి చేతిని తన చేతి పక్కన పెట్టించాడు.

విద్యార్థులారా! మీ ఇళ్ళలోనూ పాత కుట్టుమిషనో, గడియారమో, తాతగారి లెక్కల పుస్తకమో ఉండవచ్చు. దానిని పారవేసేముందు ఒకసారి చూడండి. బాగుచేసేముందు రెండుసార్లు చూడండి. బాగుచేయడం తెలిసిన పెద్దలు ఉండగానే వారి పక్కన నిలబడి నేర్చుకోండి.

కఠిన పదాలు – అర్థాలు

జీర్ణోద్ధరణ: శిథిలమైనదానిని తిరిగి బాగుచేయడం
కొట్టం: పశువులను కట్టివేసే పాక
పరిష్కర్త: గ్రంథంలోని దోషాలు సరిదిద్దేవాడు
ప్రక్షిప్తం: మూలంలో లేక, తర్వాత చేర్చబడినది
గ్రంథపాతం: గ్రంథంలో కొంత భాగం లోపించడం

అభ్యాసం

1. ఫిట్టర్ కాక పనిచేసిన తీరును వివరించండి.
2. కారు ఉద్ధరణకూ గ్రంథ పరిష్కరణకూ రచయిత చూపిన పోలికలు తెలపండి.
3. బ్రేకులను మార్చడానికి అంగీకరించిన రచయిత ఇంజిన్‌ను మార్చడానికి ఎందుకు అంగీకరించలేదు? మీ అభిప్రాయం రాయండి.