వేరుశనగకు వయ్యారిభామవలన కలుగు చేటు

లేపాక్షి మెట్టల రైతులు ఎరుగవలసిన సంగతి యొకటి గలదు. మనకు ఇంటి పంటయైన వేరుశనగ దక్షిణ అమెరికాలో పుట్టినది. కొలంబసు 1492లో సముద్రము దాటిన పిదప, పోర్చుగీసువారి ఓడలు దానిని ఆఫ్రికా, ఆసియా ఖండములకు చేర్చెను. కొద్దిపాటి వానకు ఓర్చునది గనుక ఈ ఎఱ్ఱ నేలలలో నిలిచినది. ఇంతవరకు లాభమే.

వయ్యారిభామ యను కలుపుమొక్కయు అమెరికా ఖండములదే. 1955 ప్రాంతమున పూణెలో కనబడిన యది దిగుమతి గోధుమలతో వచ్చినదని పలువురి యభిప్రాయము. పశువులు మేయవు గనుక బీళ్లు, బాటలు నిండిపోయినవి.

2000 సంవత్సరమున అనంతపురము జిల్లాలో (లేపాక్షి 2022 వరకు ఆ జిల్లాలోనిదే) సుమారు 2,25,000 హెక్టారుల వేరుశనగకు కాండము కుళ్లు వైరసు తెగులు సోకెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెను. వయ్యారిభామలో ఈ వైరసున్నను గుర్తులేవియు కానరావు. దాని పూవులలో తిరుగు తామర పురుగులకు పుప్పొడి అంటును. అవి వేరుశనగ ఆకును గీరగా, పుప్పొడిలోని వైరసు ఆ గాయము గుండ లోపల ప్రవేశించును. లేత ఆకులు మాడి, కాండము నల్లబడి, మొక్క చచ్చును.

కావున వయ్యారిభామను పూతకు మునుపే వేళ్లతో పెరుకవలెను. పొలములోనే కాదు, గట్లమీదను బాటలవెంటను పెరుకవలెను. ఒక్కరు చేసి పొరుగువారు మానినచో పురుగు ఆగదు. చేను చుట్టును నాలుగు సాళ్లకు తక్కువ కాకుండ జొన్నగాని సజ్జగాని ఒత్తుగా విత్తవలెను. పెరుకునపుడు చేతులకు గుడ్డ చుట్టుకొనుడు, కొందరికి దురద పుట్టును.