ముందు చక్రానికి ఏ టైరు?

ఎడ్ల బండి చక్రం మీరు చూసే ఉంటారు. కట్టె చక్రం చుట్టూ ఇనుప పట్టా ఉంటుంది. కమ్మరి ఆ పట్టాను చక్రం కన్నా ఒక పిసరు చిన్నగా చేస్తాడు. ఎర్రగా కాలుస్తాడు. కాలితే ఇనుము సాగుతుంది. అప్పుడు చక్రానికి ఎక్కించి నీళ్లు పోస్తాడు. పట్టా చల్లారి బిగుసుకుంటుంది. పట్టా పెద్దదైతే ఊడిపోతుంది. మరీ చిన్నదైతే ఎక్కనే ఎక్కదు.

కారు టైరుకు కూడా కొలత ఉంది. ఆ కొలత టైరు పక్క భాగంలో అంకెల్లో అచ్చు వేసి ఉంటుంది. మీకు ఇప్పుడు అంకెలు వచ్చు. ఆ అచ్చును మీరే చదవవచ్చు.

అంబాసిడర్ కారు తెలియనివారు లేరు. ఒకప్పుడు ఊరికి ఆఫీసరు వచ్చినా, పెండ్లికొడుకు వచ్చినా అందులోనే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ దీన్ని తయారు చేసింది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దీనికి మూలం. 1950ల చివర్లో మొదలైన తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అయినా ఆ కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు టైర్ల దగ్గరే చిక్కు వస్తుంది. పాత సైజు టైరు దొరకడం తగ్గింది. దుకాణంలో ఉన్నదేదో వేయించుకుంటున్నారు.

పంక్చర్ షాపు దగ్గర ఇలాంటి మాటలు నడుస్తాయి:

"అన్నా, ముందు టైర్లు రెండూ అరిగినయి. ఏం వెయ్యమంటవు?"

"బొలేరో టైర్లున్నయి తమ్మీ. దాని రిమ్ము 15, నీ రిమ్ము 15. సరిగ్గ కూసుంటది. చూడనీకి గూడ మస్తుంటది."

ఈ మాట నిజమేనా? లెక్క చేసి చూద్దాం.

పాత అంబాసిడర్ టైరు మీద 5.90-15 అని ఉంటుంది. 5.90 అంటే టైరు వెడల్పు, అంగుళాలలో. 15 అంటే రిమ్ము ఈ అంచు నుండి ఆ అంచుకు 15 అంగుళాలు. ఒక అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. 5.90ని 25.4తో గుణిస్తే దగ్గర దగ్గర 150 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే 15 సెంటీమీటర్లు. మీ జానెడు కన్నా తక్కువ.

కొత్త రకం టైరు మీద రాత వేరు. బొలేరో టైరు మీద 215/75 ఆర్ 15 అని ఉంటుంది. 215 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే వెడల్పులో నూటికి 75 వంతులు టైరు గోడ ఎత్తు. 'ఆర్' అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే అది రేడియల్ టైరు. చివరి 15 మనకు తెలిసిందే, రిమ్ము.

చూశారా? రిమ్ము ఒకటే. వెడల్పు మాత్రం 150కి బదులు 215. ఆరున్నర సెంటీమీటర్లు ఎక్కువ. సన్న రిమ్ముకు ఇంత వెడల్పు టైరు ఎక్కిస్తే కింద నొక్కుకుపోయి, పైన బుంగలాగా ఉబ్బుతుంది. నేల మీద సరిగ్గా ఆనదు. మలుపులో ఊగుతుంది.

వెనక చక్రమైతే నేరుగానే తిరుగుతుంది. ముందు చక్రం కుడికీ ఎడమకూ కూడా తిరగాలి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు మూల మడ్‌గార్డు దాకా వస్తుంది, లోపల వైపు రాడ్ల దాకా పోతుంది. కంపెనీ వదిలిన సందు పాత టైరుకు సరిపోయేంతే. పైగా పాత బండికి ముందు భాగం కొంత కుంగి ఉంటుంది. ఖాళీ కారును షాపు ముందు తిప్పితే టైరు తగలదు. అయిదుగురు కూర్చొని, డిక్కీలో సామాను పెట్టి, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటు దిగుతుంటే అప్పుడు తగులుతుంది. అక్కడ రోడ్డు పాములాగా వంకలు తిరుగుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఆ మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటే టైరు కోసుకుపోతుంది, స్టీరింగు పట్టేస్తుంది. "చూడనీకి మస్తుంటది" అనే మాట అక్కడ పనికిరాదు.

వెడల్పు టైరుతో ఇంకో బాధ. పాత అంబాసిడర్లకు పవర్ స్టీరింగు ఉండదు. ఎంత రబ్బరు నేలను పట్టుకుంటే తిప్పడానికి అంత బలం కావాలి. డ్రైవరు భుజాలు పోతాయి.

మరి ఏది వేయాలి? 5.90-15 దొరికితే అదే వేయాలి. దొరకకపోతే దానికి దగ్గరగా ఉండే సైజు చూడాలి. 165/80 ఆర్ 15 అలాంటిదే. లెక్క చూడండి. 165లో నూటికి 80 వంతులు 132. టైరు గోడ పైన ఒకటి, కింద ఒకటి కాబట్టి 264. రిమ్ము 15 అంగుళాలు అంటే 381. రెండూ కలిపితే 645 మిల్లీమీటర్లు. ఇది టైరు మొత్తం ఎత్తు. బొలేరో టైరుకు ఇదే లెక్క చేస్తే 700 దాటుతుంది. మీరే చేసి చూసుకోండి.

పాత టైరు ఎత్తు తెలుసుకోవడానికి పుస్తకం అక్కర లేదు. గాలి సరిగ్గా నింపండి. టైరు నేలను తాకే చోట సుద్దముక్కతో గీత పెట్టండి. నేల మీద కూడా గీత పెట్టండి. కారును ఒక చుట్టు నెట్టండి. టైరు గీత మళ్లీ నేలను తాకిన చోట ఇంకో గీత. రెండు గీతల మధ్య టేపుతో కొలవండి. అంబాసిడర్‌కు రెండు మీటర్ల దగ్గర వస్తుంది. కొత్త టైరుకు కూడా ఇట్లనే కొలిచి పోల్చుకోవాలి.

"ట్రాక్టరుకు ముందు చక్రం చిన్నది, వెనక చక్రం పెద్దది కదా? కారుకు ఎందుకు ఉండొద్దు?" అని మా కేంద్రంలో ఒక పెద్దమనిషి అడిగాడు. మంచి ప్రశ్న. ట్రాక్టరు ముందు టైరు చాలా బండ్లకు 6.00-16. వెనకది 13.6-28 ఉండొచ్చు. కానీ ట్రాక్టరును అట్లనే ఉండేటట్టు తయారు చేస్తారు. వెనక చక్రం లాగాలి, ముందు చక్రం దారి చూపాలి. అంబాసిడర్‌ను నాలుగు చక్రాలూ ఒకటే అని తయారు చేశారు. ముందు మాత్రం చిన్న టైరు వేస్తే బండి ముక్కు కిందికి వాలుతుంది. లైటు దగ్గరలోనే పడుతుంది. మలుపు తిరిగిన తర్వాత స్టీరింగు తనంతట తాను నేరుగా రావడం తగ్గుతుంది. స్టెప్నీ కూడా ఒక్కటే. అది ఏ సైజుకు పెట్టుకుంటారు?

ఇప్పుడు అసలైన చిక్కు. పైసలు రెండు టైర్లకే ఉన్నాయి. కొన్నవి రేడియల్ టైర్లు. మిగతా రెండు పాత నైలాన్ టైర్లు. కొత్తవి ముందు వేయాలా, వెనక వేయాలా?

చాలామంది ముందు వేస్తారు. అది తప్పు.

నైలాన్ టైరు లోపల దారాలు నులక మంచం అల్లినట్టు ఏటవాలుగా పోతాయి. రేడియల్ టైరులో దారాలు ఈ అంచు నుండి ఆ అంచుకు అడ్డంగా నేరుగా పోతాయి. వాటి మీద నేలను తాకే చోట ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. అందుకే రేడియల్ టైరు మలుపులో నేలను గట్టిగా పట్టుకుంటుంది. అది ముందు ఉండి, నైలాన్ టైరు వెనక ఉంటే ఏమవుతుంది? ముందు భాగం తిరుగుతుంది, వెనక భాగం జారుతుంది. వాన పడ్డ రోడ్డు మీద బండి గిర్రున తిరిగిపోతుంది. కాబట్టి రేడియల్ టైర్లు రెండూ వెనకకే. ఒకే ఇరుసు మీద ఒకటి రేడియల్, ఒకటి నైలాన్ ఎప్పుడూ వేయరాదు. అన్నిటికన్నా మంచిది, ఇంకొన్ని నెలలు ఆగి నాలుగూ ఒకటే రకం వేయడం. పైసలు చాలనివాళ్లకు ఈ మాట చెప్పడం తేలికేనని నాకు తెలుసు. అయినా చెప్పాలి.

టైరు వయసు కూడా చదవండి. పక్క భాగంలో చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అమ్ముడుపోక ఏండ్ల తరబడి వేలాడిన టైరు నల్లగా, కొత్తగానే కనిపిస్తుంది. లోపల రబ్బరు పెళుసై ఉంటుంది. మన ఎండలకు అది పగులుతుంది. పాత సైజు టైరు చవకగా ఇస్తామంటే ముందు ఈ నాలుగు అంకెలు చూడండి. పాత రిమ్ములు ట్యూబు కోసం చేసినవి. రేడియల్ వేసినా లోపల ట్యూబు వేయించాలి.

బిగించిన తర్వాత మనుషులను కూర్చోబెట్టి స్టీరింగు ఈ చివరి నుండి ఆ చివరికి తిప్పండి. ఒకరు కింద కూర్చొని సందు చూడాలి. వేలు పట్టనంత దగ్గరగా వస్తే ఆ టైరు వద్దు. యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించండి.

చదివి అర్థం చెప్పండి: 5.90-15. 6.00-16. 165/80 ఆర్ 15. 4521. ఆ తర్వాత మీ వాడలో ఆగి ఉన్న ఏదైనా బండి దగ్గరికి పోయి, టైరు మీది అంకెలు నోటుబుక్కులో రాసుకొని రండి.