అడగని కొసరు: కొత్త కంప్యూటరులో ముందే చేరిన సాఫ్ట్‌వేర్

అంగడిలో కూరగాయలు కొన్నప్పుడు కొసరు అడిగి పుచ్చుకోవడం మన అలవాటు. కొత్త కంప్యూటరుతో వచ్చే కొసరు అడగకుండానే వస్తుంది. కొద్ది వారాలకే గడువు తీరే వైరస్ నిరోధకాలు, ఆటలు, ప్రకటనలు పెట్టె విప్పక ముందే అందులో చేరి ఉంటాయి. తమ సరుకు కొనుగోలుదారు కంటబడుటకై సాఫ్ట్‌వేర్ సంస్థలు తయారీదారులకు సొమ్ము చెల్లించడం ఇందుకు ముఖ్య కారణం. దీనిని వదిలించుకొను విధానము అది యంత్రంలో ఎంత లోతున ఉన్నదనే విషయంపై ఆధారపడి ఉంటుంది. ఆ లోతులు స్థూలంగా మూడు.

1. పైపొర: మామూలు ప్రోగ్రాములు

ఇవి స్థలాన్ని ఆక్రమిస్తాయి, యంత్రాన్ని మందగింపజేస్తాయి. విండోస్‌లోని సెట్టింగుల ద్వారా వీటిని తొలగించవచ్చు. అయితే తెర, ధ్వని మొదలగువాటిని నడిపించే డ్రైవర్లను మాత్రం తొలగించరాదు.

2. నడిమి పొర: నమ్మకపు జాబితా

బ్యాంకు పుట తెరచినప్పుడు అది నిజముగా ఆ బ్యాంకుదేనా అని బ్రౌజర్ ఒక ధ్రువపత్రం ద్వారా నిర్ధారించుకొంటుంది. ఏ సంస్థల సంతకాలను నమ్మవలెనో తెలిపే జాబితా కంప్యూటరులోనే ఉంటుంది. 2014 సెప్టెంబరు నుండి కొన్ని నెలలపాటు అమ్ముడైన కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాము తన సంతకాన్ని ఆ జాబితాలో చేర్చుకొన్నది. దాని రహస్య తాళంచెవి అన్ని యంత్రాలలోను ఒక్కటే. 2015 ఫిబ్రవరిలో పరిశోధకులు ఆ తాళంచెవిని వెలికితీశారు. అది చేజిక్కినవారు ఆ ల్యాప్‌టాప్‌లకు ఏ బ్యాంకు పేరుతోనైనా దొంగపుట చూపగలరు. ప్రోగ్రామును తొలగించినా సంతకం జాబితాలో మిగిలిపోయేది. దానిని విడిగా తీసివేయవలసి వచ్చింది. ఇట్టి సందర్భాలలో విండోస్‌ను మైక్రోసాఫ్ట్ నుండి నేరుగా దింపుకొని, డిస్కును తుడిచి, మరల స్థాపించుట మేలు. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళను వేరొకచోట భద్రపరచుకొనవలెను.

3. అడుగు పొర: ఫర్మ్‌వేర్

2024 డిసెంబరులో జర్మనీ సమాచార భద్రతా కార్యాలయం (బి.ఎస్.ఐ.) ఒక హెచ్చరిక చేసినది. ఆ దేశంలో సుమారు 30,000 పరికరాలలో బాడ్‌బాక్స్ అనే హానికర సాఫ్ట్‌వేర్ కొనేనాటికే ఉన్నదని తెలిపినది. అవి డిజిటల్ ఫొటో ఫ్రేములు, మీడియా ప్లేయర్ల వంటివి. పాతబడిన ఆండ్రాయిడ్‌తో నడిచేవి. పరికరాన్ని మొదటి స్థితికి తెచ్చినా ప్రయోజనం లేదు, ఏలనన ఆ మొదటి స్థితిలోనే విషం ఉన్నది. లక్షకు మించిన చందాదారులు గల ఇంటర్నెట్ సంస్థలు ఈ పరికరాల సందేశాలను దారి మళ్ళించవలెనని బి.ఎస్.ఐ. ఆదేశించినది. వినియోగదారుకు ఇచ్చిన సలహా ఒక్కటే: వెంటనే ఇంటర్నెట్ నుండి విడదీయుట.

జర్మనీలో కొన్నవారికి

ఇంటర్నెట్ ద్వారా కొన్న వస్తువును సాధారణంగా 14 రోజులలోపు కారణం చెప్పకుండానే త్రిప్పి పంపవచ్చు. దుకాణంలో కొన్నదానికి ఈ హక్కు లేదు; అయితే కొత్త వస్తువులోని లోపానికి విక్రేత రెండేళ్ళ వరకు బాధ్యుడు. కావున రసీదు దాచుకొనవలెను. కొన్న మొదటి వారంలోనే, బ్యాంకు వ్యవహారాలు ఆరంభించక ముందే, యంత్రాన్ని పరీక్షించుకొనుట ఉత్తమం. పైపొరను తుడవవచ్చు, నడిమి పొరను మార్చవచ్చు. అడుగు పొర చెడినప్పుడు మాత్రం వస్తువును త్రిప్పి ఇచ్చుటయే తగిన చికిత్స.